హద్దులు, షరతులు చెప్పే ఇంగ్లీషు విశేషణాలు: ఆఫీసు మెయిల్ నుంచి అద్దె అగ్రిమెంటు దాకా సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మన తెలుగువాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారు, స్టేటస్ చెబుతారు, అవసరమైతే క్లయింట్‌తో వాదిస్తారు కూడా. చిక్కంతా ఒక దగ్గరే వస్తోంది. ‘ఇంతవరకే’, ‘ఇది కుదరదు’, ‘ఫలానా పని జరిగితేనే’ అని రాతలో చెప్పాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోతోంది. ‘అన్నా, ఇక్కడ రిస్ట్రిక్టెడ్ రాయాలా, రిస్ట్రిక్టివ్ రాయాలా?’ అని మారతహళ్లి పీజీలో ఉండే కొత్త ఉద్యోగి అడుగుతాడు. వైట్‌ఫీల్డ్‌లో టీమ్ నడిపే మేనేజరూ అదే అడుగుతారు.

ఈ విశేషణాల్లో తేడా వస్తే అది వ్యాకరణం తప్పుతో ఆగదు. డబ్బు ఎవరు కట్టాలి, గడువు ఎవరికి వర్తిస్తుంది, బాధ్యత ఎంతవరకు అన్నవి మారిపోతాయి. అందుకే ఏ పనికి ఏ మాటో వరుసగా చూద్దాం.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈమధ్య మీరు పంపిన ఆఫీసు మెయిల్స్ ఓ పది. ‘నో’ చెప్పినవి, గడువు అడిగినవి, షరతు పెట్టినవి ఏరుకోండి.
- మీ ఆఫర్ లెటర్, అద్దె అగ్రిమెంటు. ఇంతకు మించిన పాఠ్యపుస్తకం అక్కర్లేదు, ఎందుకంటే ఇందులోని ప్రతి మాటా మీ జేబుకు తగిలేదే.
- ఉదాహరణ వాక్యాలు ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ, ఫోన్‌లో ఉన్నా సరే. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుంటే ఇక్కడ పని జరగదు. నాలుగు వేర్వేరు మాటలకూ అది ‘కఠినమైన’ అనే ఒకే అర్థం ఇచ్చి ఊరుకుంటుంది.
- ఒక నోట్‌బుక్. మాటను ఒంటరిగా రాసుకోవద్దు. దాని ముందో వెనకో వచ్చే నామవాచకాన్ని, పక్కన వచ్చే చిన్న మాటను కలిపి రాయండి. ‘బైండింగ్’ అని కాదు, ‘బైండింగ్ ఆన్ బోత్ పార్టీస్’ అని.

మొదటి విడతకు పన్నెండు మాటలు చాలు: రిస్ట్రిక్టెడ్, రిస్ట్రిక్టివ్, లిమిటెడ్, ప్రొహిబిటెడ్, ప్రొహిబిటివ్, స్ట్రిక్ట్, స్ట్రింజెంట్, మ్యాండటరీ, బైండింగ్, కాంటింజెంట్, ప్రొవిజనల్, ఎక్స్‌క్లూజివ్. ఇవి చేతికి వచ్చాక మిగతావి వాటంతట అవే దారిలో పడతాయి.

2. మొదటి ప్రశ్న: ఆంక్ష పెట్టేదా, ఆంక్ష పడ్డదా?

రాయబోయే ముందు ఈ ప్రశ్న తెలుగులోనే వేసుకోండి. మన భాషలో ఈ తేడా పుట్టుకతో ఉంది. ‘ఆపే గేటు’ వేరు, ‘ఆపిన బండి’ వేరు అని ఎవరూ మనకు నేర్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ తేడాను మాట చివర చూపిస్తారు. ఆంక్ష పెట్టేదానికి ఎక్కువగా ‘ఇవ్’ లేదా ‘ఇంగ్’ వస్తుంది. ఆంక్ష పడ్డదానికి ‘ఎడ్’ వస్తుంది.

పాలసీ ఆంక్ష పెడుతుంది కాబట్టి అది రిస్ట్రిక్టివ్. మీ యాక్సెస్ మీద ఆంక్ష పడింది కాబట్టి అది రిస్ట్రిక్టెడ్. ‘మై యాక్సెస్ ఈజ్ రిస్ట్రిక్టివ్’ అని రాస్తే మీ యాక్సెసే ఎవరినో ఆపుతోందని అర్థం.

ఇదే పద్ధతిలో లిమిటెడ్‌కు జోడీ లిమిటింగ్. బడ్జెట్ తక్కువగా ఉంటే అది లిమిటెడ్ బడ్జెట్. ఆ బడ్జెట్ వల్లే ప్రాజెక్టు ముందుకు కదలకపోతే, బడ్జెట్ ‘లిమిటింగ్ ఫ్యాక్టర్’. కంపెనీ పేరు చివర ఉండే ప్రైవేట్ లిమిటెడ్‌లో కూడా పరిమితమైంది కంపెనీ కాదు, వాటాదారుల బాధ్యత. కంపెనీ అప్పుల్లో మునిగినా మామూలుగా వాటాదారు నష్టపోయేది తన వాటా మేరకే.

ఒక నోటీసు మీద దీన్ని పరీక్షించి చూద్దాం. 2024 వేసవిలో బెంగళూరు నీటికి ఎంత కటకటలాడిందో ఇక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ మార్చిలో జలమండలి, అంటే అందరూ బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ అనే సంస్థ, తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి 5000 రూపాయల జరిమానా పెట్టింది. జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్ల ధరకు పరిమితి విధించింది. ఐదు కిలోమీటర్లలోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కు 1000 రూపాయలు. అలాంటి రోజుల్లో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు మీరే రాయాల్సి వచ్చిందనుకోండి.

- ‘వాటర్ సప్లై ఈజ్ రిస్ట్రిక్టెడ్ టు ఫోర్ అవర్స్ ఎ డే.’ ఆంక్ష పడింది సరఫరా మీద.
- ‘ది యూజ్ ఆఫ్ పోటబుల్ వాటర్ ఫర్ కార్ వాషింగ్ ఈజ్ ప్రొహిబిటెడ్.’ నిషేధం పడింది వాడకం మీద.
- ‘ట్యాంకర్ ప్రైసెస్ హ్యాడ్ బికమ్ ప్రొహిబిటివ్.’ ధర ఎంత పెరిగిందంటే, ఆ ధరే కొనకుండా ఆపుతోంది.
- ‘ది ప్రైస్ ఈజ్ నౌ క్యాప్డ్ అట్ 1000 రూపీస్.’ పైహద్దు పెట్టారు, అంతకు మించి అడగకూడదు.
- ‘సమ్ రెసిడెంట్స్ ఫైండ్ ది టైమింగ్స్ టూ రిస్ట్రిక్టివ్.’ వేళలు జనాన్ని ఇబ్బంది పెడుతున్నాయి.

ప్రొహిబిటివ్ దగ్గర కాసేపు ఆగాలి. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే కనిపిస్తున్నాయి. ఇది నిషేధం చెప్పే మాటే అయినా ఇప్పటి వాడుకలో దాదాపు ఖర్చుకే అంటుకుపోయింది. ప్రొహిబిటివ్ కాస్ట్, ప్రొహిబిటివ్ ఫీజు, ప్రొహిబిటివ్‌లీ ఎక్స్‌పెన్సివ్. ‘స్మోకింగ్ ఈజ్ ప్రొహిబిటివ్ హియర్’ అన్నది చెల్లని వాక్యం. అక్కడ ప్రొహిబిటెడ్ రావాలి. వీటికి మూడో తోబుట్టువు కూడా ఉంది: ప్రొహిబిటరీ. పేపర్లలో నిషేధాజ్ఞలు అని చదివేవి ‘ప్రొహిబిటరీ ఆర్డర్స్’. 144 సెక్షన్ అని మనం ఇంకా అంటున్నాం కానీ, 2024 జులై 1 నుంచి ఆ అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ కిందికి వచ్చింది. ఉత్తర్వు అయితే ప్రొహిబిటరీ, ధర అయితే ప్రొహిబిటివ్, మనిషి చేయకూడని పని అయితే ప్రొహిబిటెడ్.

3. రెండో ప్రశ్న: ఆ గీత ఎవరు గీశారు?

చట్టం గీస్తే స్టాట్యూటరీ. ఒప్పందం గీస్తే కాంట్రాక్చువల్. ఎవరు గీసినా, తప్పనిసరి అని చెప్పాలంటే మ్యాండటరీ. వనరులు చాలక ఆగితే కన్‌స్ట్రెయిన్డ్.

మీ పేస్లిప్ తీసి చూడండి. పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ స్టాట్యూటరీ డిడక్షన్స్. మీరు ఇష్టపడి చేర్చుకున్న టాప్‌అప్ ఇన్సూరెన్స్ వాలంటరీ. వృత్తి పన్ను ఏడాదికి 2500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగం 276వ అధికరణలోనే ఉంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ప్రొఫెషనల్ టాక్స్ ఈజ్ క్యాప్డ్ అట్ 2500 రూపీస్ ఎ ఇయర్’ చాలు. ‘మ్యాక్సిమమ్ లిమిటెడ్ అప్ టు ఓన్లీ’ అని మూడు హద్దులు ఒకేసారి పేర్చడం మన మెయిల్స్‌లో మామూలైపోయింది. ఒక గీతకు ఒక మాట చాలు.

ఆఫర్ లెటర్‌లో ‘రిస్ట్రిక్టివ్ కవనెంట్’ అనే మాట కనిపిస్తే జాగ్రత్తగా చదవండి. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదు, ఫలానా క్లయింట్‌ను కలవకూడదు లాంటి షరతులకు అది గంపగుత్త పేరు. వృత్తి, వ్యాపారం చేసుకోనీయకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత ఒప్పంద చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. రాసిన ప్రతి కవనెంట్ చెల్లుతుందని కాదు, ఏదీ చెల్లదనీ కాదు. మీ విషయంలో ఏది నిలుస్తుందో వకీలును అడిగి తెలుసుకోవాల్సిందే. మీరు హెచ్‌ఆర్‌కు రాసేటప్పుడు మాత్రం సరైన మాటే వాడండి: ‘ఐ హ్యావ్ ఎ క్వెరీ ఆన్ ది రిస్ట్రిక్టివ్ కవనెంట్స్ ఇన్ మై ఆఫర్ లెటర్.’

ఇలా కొన్ని రంగాల్లో మాట స్థిరపడిపోయి ఉంటుంది, దాన్ని మార్చకూడదు. హెచ్‌ఏఎల్, ఇస్రో లాంటి కేంద్ర సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఆర్‌హెచ్ తెలిసిందే. అది రిస్ట్రిక్టెడ్ హాలిడే, అంటే ఇచ్చిన జాబితాలోంచి ఉద్యోగి ఎంచుకుని పెట్టుకునే సెలవు. లిమిటెడ్ హాలిడే అంటే ఎవరికీ అర్థం కాదు.

4. మూడో ప్రశ్న: ఎంత గట్టిది?

తెలుగులో మాస్టారూ కఠినమే, పరీక్షా కఠినమే, నిబంధనా కఠినమే, జైలు శిక్షా కఠినమే. ఇంగ్లీషులో ఎవరి మాట వాళ్లదే.

స్ట్రిక్ట్ మనుషులకూ నియమాలకూ రెండింటికీ చెల్లుతుంది. స్ట్రింజెంట్ మనుషులకు వాడరు. అది నిబంధనలకు, ప్రమాణాలకు, తనిఖీలకు: స్ట్రింజెంట్ నార్మ్స్, స్ట్రింజెంట్ క్వాలిటీ చెక్స్. ‘అవర్ మేనేజర్ ఈజ్ వెరీ స్ట్రింజెంట్’ అని రాసి ఉంటే స్ట్రిక్ట్ అని దిద్దుకోండి.

రిగరస్ అంటే వదిలిపెట్టకుండా, లోతుగా చేసేది. రిగరస్ టెస్టింగ్ అనేది మెచ్చుకోలు. ఇదే మాట కోర్టు తీర్పులో రిగరస్ ఇంప్రిజన్‌మెంట్ అయితే కఠిన కారాగార శిక్ష అవుతుంది. రిజిడ్ అంటే వంగనిది, సర్దుకోనిది. ఇందులో ఫిర్యాదు ఉంటుంది.

ఈ ఫిర్యాదు ధ్వని చాలామందికి పట్టదు, పట్టాలి. రిస్ట్రిక్టివ్, రిజిడ్, ప్రొహిబిటివ్ అన్న మాటలు మీరు ఆ హద్దును ఇష్టపడటం లేదని చెప్పకనే చెబుతాయి. క్లయింట్ సెక్యూరిటీ పాలసీని రిజిడ్ అని రాస్తే వాళ్ల నిర్ణయాన్ని తప్పుపట్టినట్టే. మీ ఉద్దేశం అది కాకపోతే స్ట్రింజెంట్, కంట్రోల్డ్, డిఫైన్డ్ లాంటి మాటలు తీసుకోండి. ‘గివెన్ యువర్ స్ట్రింజెంట్ సెక్యూరిటీ రిక్వైర్‌మెంట్స్’ అంటే వాళ్ల జాగ్రత్తను గౌరవించినట్టు వినిపిస్తుంది. చెప్పేది ఒకే కష్టమైనా చదివేవాళ్లు తీసుకునే తీరు వేరు.

5. నాలుగో ప్రశ్న: షరతు మీద ఆధారపడిందా, గడువు మీదా?

ఏదో ఒకటి జరిగితేనే ఇది జరుగుతుంది అన్నప్పుడు కండిషనల్ లేదా కాంటింజెంట్. కండిషనల్‌లో షరతు ఎదుటివాళ్లు తీర్చాల్సింది అన్న భావం ఎక్కువ. కాంటింజెంట్ వాడితే ఒక సంఘటన జరగడం మీద ఆధారపడిందని. ‘దిస్ ఆఫర్ ఈజ్ కాంటింజెంట్ అపాన్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్’ అన్న వాక్యం మీ ఆఫర్ లెటర్‌లో ఉంటే, వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా ఉద్యోగం ఖాయం కాలేదన్నమాట. పాత కంపెనీలో రాజీనామా పెట్టే ముందు ఈ ఒక్క వాక్యం కోసం ఆఫర్ లెటర్ మొత్తం వెతకండి.

ప్రొవిజనల్ అంటే ఇప్పటికి చెల్లుతుంది, తుది రూపం తర్వాత వస్తుంది అని. డిగ్రీ పట్టా చేతికి రాకముందు యూనివర్సిటీ ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ మనందరి ఫైల్లో ఉన్నదే. టెంపరరీ అలా కాదు. అది గడువు తీరితే అంతే, దాని తర్వాత తుది రూపం రావాలనేం లేదు. టెంటెటివ్ ఇంకా మెత్తనిది: అనుకుంటున్నాం, మారవచ్చు. గో-లైవ్ తేదీని, అంటే సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చే రోజును, క్లయింట్ ఒప్పుకుని ఇంకా సంతకం పెట్టకపోతే ప్రొవిజనల్. మీ టీమ్ లోపల అనుకున్నదే అయితే టెంటెటివ్.

6. పక్కన వచ్చే చిన్న మాట

విశేషణం సరిగ్గా ఎంచుకున్నా దాని పక్కన వచ్చే టు, ఆన్, ఆఫ్, ఫర్ తప్పితే అర్థం తిరగబడుతుంది. తెలుగులో ‘కి, కు’ ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది కాబట్టి మనకు ఇక్కడ ఎప్పుడూ తడబాటే.

ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి.

‘దిస్ ఫ్లోర్ ఈజ్ రిస్ట్రిక్టెడ్ టు కాంట్రాక్టర్స్.’
‘దిస్ ఫ్లోర్ ఈజ్ రిస్ట్రిక్టెడ్ ఫర్ కాంట్రాక్టర్స్.’

మొదటిది: ఈ అంతస్తులోకి కాంట్రాక్టర్లకు మాత్రమే ప్రవేశం. రెండోదాన్ని చదివేవాళ్లు కాంట్రాక్టర్లకే ఇక్కడ ఆంక్ష ఉందని అనుకుంటారు. తెలుగులో రెండూ ‘కాంట్రాక్టర్లకు’ అనే వస్తాయి. సెక్యూరిటీ గార్డు దగ్గర ఈ బోర్డు ఉంటే ఎవరిని ఆపుతాడో ఆలోచించండి. మీరు నిషేధం చెప్పదలిస్తే ‘ఆఫ్ లిమిట్స్ టు కాంట్రాక్టర్స్’ అనండి.

నోట్‌బుక్‌లోకి ఎక్కించాల్సిన జోడీలు:

- లిమిటెడ్ టు, రిస్ట్రిక్టెడ్ టు, కన్‌ఫైన్డ్ టు: ఇంతవరకే. కన్‌ఫైన్డ్ ఎక్కువగా చోటుకు, లేదా సమస్య ఎంతవరకు పాకిందో చెప్పడానికి. ‘ది ఇష్యూ ఈజ్ కన్‌ఫైన్డ్ టు వన్ సర్వర్.’
- కన్‌స్ట్రెయిన్డ్ బై: ఫలానా లోటు వల్ల.
- బైండింగ్ ఆన్: ఎవరిని కట్టేస్తుందో వాళ్ల ముందు ఆన్. ‘బైండింగ్ టు’ కాదు.
- కాంటింజెంట్ ఆన్ లేదా అపాన్, కండిషనల్ ఆన్.
- ఎక్స్‌క్లూజివ్ టు: వీళ్లకు మాత్రమే.
- ఎక్స్‌క్లూజివ్ ఆఫ్: ఇది కలపకుండా. కొటేషన్‌లో ‘ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ జీఎస్‌టీ’ అంటే పన్ను విడిగా కట్టాలి. సరుకుల ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కన కనిపించే ‘ఇన్‌క్లూజివ్ ఆఫ్ ఆల్ టాక్సెస్’ దీనికి ఎదురు.
- ఎగ్జెంప్ట్ ఫ్రమ్: దీని నుంచి మినహాయింపు.
- సబ్జెక్ట్ టు: దీనికి లోబడి. దీని తర్వాత నామవాచకమే రావాలి. ‘సబ్జెక్ట్ టు యు విల్ అప్రూవ్’ కాదు, ‘సబ్జెక్ట్ టు యువర్ అప్రూవల్’. పూర్తి వాక్యమే కావాలంటే ‘ప్రొవైడెడ్ దట్ యు అప్రూవ్’ అనండి.

7. ‘వెరీ’ ఎక్కడ పెట్టకూడదు

మ్యాండటరీ అంటే తప్పనిసరి. అందులో ఎక్కువ తప్పనిసరి, తక్కువ తప్పనిసరి ఉండవు. అందుకే ‘వెరీ మ్యాండటరీ’ నిలవదు. ప్రొహిబిటెడ్, బైండింగ్, ఫైనైట్ కూడా అంతే. వీటికి బలం కావాలంటే ఇంగ్లీషులో అలవాటైన తోడు మాటలు ఉన్నాయి: స్ట్రిక్ట్‌లీ ప్రొహిబిటెడ్, లీగల్లీ బైండింగ్.

కొలత ఉన్నవాటికి బలం పెంచవచ్చు. హైలీ రిస్ట్రిక్టివ్, సివియర్లీ లిమిటెడ్, ఇంక్రీజింగ్లీ స్ట్రింజెంట్. ఏ తోడు ఏ మాటతో కుదురుతుందో లెర్నర్స్ డిక్షనరీలోని ఉదాహరణ వాక్యాలే చెబుతాయి. ఊహించి జోడించవద్దు.

8. సాధన ఒకటి: అద్దె అగ్రిమెంటు

బెంగళూరు ఓనరుతో మనం సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటాం, పని జరిగిపోతుంది. అగ్రిమెంటు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది, గొడవ వస్తే నిలబడేది అదే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె డిపాజిట్లో పట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. అగ్రిమెంటులో ఆ మాట ఇలా ఉంటే మీకు రక్షణ లేదు:

‘పెయింటింగ్ అండ్ అదర్ చార్జెస్ విల్ బీ డిడక్టెడ్ ఫ్రమ్ ది డిపాజిట్.’

ఎంత? ఏ ఇతర ఖర్చులు? ఎక్కడా హద్దు లేదు. సంతకానికి ముందు ఇలా మార్చమని అడగండి:

‘ది డిపాజిట్ ఈజ్ రిఫండబుల్ ఇన్ ఫుల్, సబ్జెక్ట్ ఓన్లీ టు ఎ పెయింటింగ్ డిడక్షన్ లిమిటెడ్ టు వన్ మంత్స్ రెంట్.’

సబ్జెక్ట్ ఓన్లీ టు అనడంతో ‘అదర్ చార్జెస్’ దారి మూసుకుంది. లిమిటెడ్ టు అనడంతో మొత్తానికి పైహద్దు పడింది. అడిగితే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లు పట్టుకోవాలనుకున్నదీ అంతే.

అదే కాగితంలో ఇంకా చూడాల్సినవి:

- అద్దె ‘ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ మెయింటెనెన్స్’ అని ఉందా? ఉంటే నెలనెలా మెయింటెనెన్స్ మీరే విడిగా కట్టాలి. ఆ మొత్తం ఎంతో రాయించుకోండి.
- లాక్‌ఇన్, అంటే మధ్యలో ఒప్పందం తెంచకూడని గడువు, ‘బైండింగ్ ఆన్ ది టెనెంట్’ అని ఒక్కరికే ఉందా, ‘బైండింగ్ ఆన్ బోత్ పార్టీస్’ అని ఉందా? ఒక్కరికే ఉంటే ఓనరు మిమ్మల్ని మధ్యలో ఖాళీ చేయమనవచ్చు, మీరు మాత్రం కదలకూడదు.
- ‘గెస్ట్స్ ఆర్ రిస్ట్రిక్టెడ్’ అని ఊరికే వదిలేశారా? ఊరినుంచి అమ్మానాన్న వచ్చి పది రోజులు ఉంటే అది అతిథుల కిందికి వస్తుందా అన్న పేచీ ఇక్కడే మొదలవుతుంది. ‘పేరెంట్స్ ఆర్ ఎగ్జెంప్ట్ ఫ్రమ్ దిస్ రిస్ట్రిక్షన్’ అన్న ఒక్క వాక్యం చేర్పించండి.

9. సాధన రెండు: క్లయింట్‌కు మెయిల్

ఇలాంటి మెయిల్ మన టీముల్లో రోజూ బయటికి పోతూనే ఉంటుంది:

‘డ్యూ టు వెరీ రిస్ట్రిక్టెడ్ టైమ్‌లైన్, వుయ్ కెన్ గివ్ ఓన్లీ లిమిటింగ్ సపోర్ట్. ప్రొడక్షన్ యాక్సెస్ ఈజ్ రిస్ట్రిక్టివ్ ఫర్ అజ్. డెలివరీ డేట్ ఈజ్ సబ్జెక్ట్ టు యు విల్ గివ్ అప్రూవల్. సెక్యూరిటీ టెస్టింగ్ ఈజ్ వెరీ మ్యాండటరీ.’

పైన చూసిన ప్రశ్నలు వేస్తూ దిద్దుదాం. టైమ్‌లైన్ మీద ఎవరూ ఆంక్ష పెట్టలేదు, సమయం తక్కువ ఉందంతే. టైట్ అనడం సహజం. సపోర్ట్‌కు హద్దు పడింది కాబట్టి లిమిటెడ్, ఎంతవరకో కూడా చెప్పాలి. యాక్సెస్ మీద ఆంక్ష పడింది కాబట్టి రిస్ట్రిక్టెడ్. డెలివరీ ఒక సంఘటన మీద ఆధారపడింది కాబట్టి కాంటింజెంట్ ఆన్. టెస్టింగ్ ముందు వెరీ తీసేయాలి.

‘గివెన్ ది టైట్ టైమ్‌లైన్, అవర్ సపోర్ట్ విల్ బీ లిమిటెడ్ టు క్రిటికల్ ఇష్యూస్. అవర్ యాక్సెస్ టు ప్రొడక్షన్ ఈజ్ కరెంట్‌లీ రిస్ట్రిక్టెడ్. ది డెలివరీ డేట్ ఈజ్ కాంటింజెంట్ ఆన్ యువర్ అప్రూవల్ బై ఫ్రైడే. సెక్యూరిటీ టెస్టింగ్ ఈజ్ మ్యాండటరీ.’

‘బై ఫ్రైడే’ ఎక్కడినుంచి వచ్చిందని అడగవచ్చు. షరతు రాసినప్పుడు దానికి గడువు రాయకపోతే ఆలస్యమైన ప్రతి రోజూ మీ ఖాతాలో పడుతుంది. కాంటింజెంట్ రాసిన ప్రతిచోటా తేదీ కూడా ఉండాలన్నది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట.

10. తరచూ దొర్లే తప్పులు, వెంటనే చేసే సవరణ

- జాబితా పూర్తిది కాదని చెప్పడానికి ‘దిస్ లిస్ట్ ఈజ్ నాట్ ఎక్స్‌క్లూజివ్’ అనడం. ఏదీ వదలని జాబితా ఎగ్జాస్టివ్. కాబట్టి ‘దిస్ లిస్ట్ ఈజ్ నాట్ ఎగ్జాస్టివ్’.
- స్కేర్స్‌నూ స్పార్స్‌నూ కలిపేయడం. కావాల్సినంత దొరక్కపోతే స్కేర్స్. దూరదూరంగా, పలచగా ఉంటే స్పార్స్. నీళ్లు స్కేర్స్, చెట్లు స్పార్స్.
- కామా పొరపాటు. ‘ఎంప్లాయీస్ హూ జాయిన్డ్ ఆఫ్టర్ జూన్ ఆర్ నాట్ ఎలిజిబుల్’ అంటే జూన్ తర్వాత చేరినవాళ్లకు మాత్రమే లేదు. హూకు ముందు, జూన్ తర్వాత కామాలు పెడితే ఉద్యోగులందరూ జూన్ తర్వాతే చేరారు, ఎవరికీ లేదు అని మారిపోతుంది. హద్దు గీసే ఉపవాక్యానికి కామాలు ఉండకూడదు.
- ఒకే వాక్యంలో స్ట్రిక్ట్, లిమిటెడ్, మ్యాండటరీ అన్నీ గుప్పించడం. చదివేవాళ్లకు బెదిరింపులా తగులుతుంది. వాక్యానికి ఒక హద్దు పెట్టండి, రెండోది తర్వాతి వాక్యంలో.

11. సెండ్ నొక్కే ముందు

- ఆంక్ష పెట్టేదా, పడ్డదా? మాట చివర సరిపోయిందా?
- గీత ఎవరు గీశారో వాక్యంలో తెలుస్తోందా?
- అంకె, తేదీ, మొత్తం వీటిలో ఒక్కటైనా హద్దు పక్కన ఉందా?
- పక్కన ఉన్న చిన్న మాట నోట్‌బుక్ జోడీతో కలుస్తోందా?
- ఫిర్యాదు ధ్వని ఉన్న మాట ఉంటే, ఆ ఫిర్యాదు మీరు నిజంగా చేయాలనుకున్నదేనా?

12. కాల్‌లో పలకాల్సి వస్తే

రాసినంత జాగ్రత్తగానే పలకాలి. ఫైనైట్ అనాలి, ‘ఫినిట్’ కాదు. దాని వ్యతిరేకం మాత్రం ఇన్‌ఫినిట్, అక్కడ ‘ఫై’ రాదు. మ్యాండటరీలో ఒత్తు మొదటి అక్షరం మీద, ప్రొహిబిటివ్‌లో ‘హి’ మీద, కాంటింజెంట్‌లో ‘టిన్’ మీద. స్ట్రింజెంట్‌ను ‘స్ట్రింగెంట్’ అనకండి, అక్కడున్నది ‘జ’.

ముందు తెలుగు టీమ్‌మేట్‌ను కూర్చోబెట్టుకుని మీ మెయిల్లోని రెండు మూడు వాక్యాలు బయటికి చదివి వినిపించండి. ఎవరికి ఎంతవరకు అనుమతి ఉందో తెలుగులో తిరిగి చెప్పమనండి. ఆ చెప్పింది మీరు అనుకున్నదానితో కలవకపోతే విశేషణమో, దాని పక్కనున్న చిన్న మాటో మార్చి మళ్లీ చదవండి.